మన స్వీటీకి ఇంగ్లీషు మాట

ఇంగ్లీషు ముక్క రాని కళావతి ఆ భాషలో అడిగి మరీ తెలుసుకున్న మొదటి మాట ‘మైన్’. అడక్కుండా ఉన్నా బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది. తెలియనంతసేపూ మనిషికి ఏ బాధా లేదు, తెలుసుకున్నాకే కదా తిప్పలన్నీ.

ఆ రోజు పొద్దున ఆమె ముందు గదిలో గోడకానుకుని ఎవరిదో పెళ్ళిచీరకు ఫాల్ కుడుతోంది. లోపలి గదిలో తోడికోడలు స్వరూప బీరువా అద్దం ముందు నిలబడి ఇంగ్లీషు అప్పజెప్పుకుంటోంది. శనివారం నాడు శంషాబాద్ వెళ్ళే దారిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆమెకు ఇంటర్వ్యూ ఉంది. అసిస్టెంట్ వార్డెన్ ఉద్యోగం. అక్కడి పెద్ద వార్డెన్‌ది కేరళ, తెలుగు రాదట, ఏం మాట్లాడినా ఇంగ్లీషులోనే మాట్లాడాలట. అందుకని స్వరూప కొన్నాళ్ళుగా సాయంత్రాలు యాకుత్‌పురా స్టేషన్ పక్కన సురయ్యా మేడం ఇంటికి పోయి నేర్చుకుంటోంది. నేర్చుకున్నది పొద్దున్నే అద్దానికి నేర్పుతోంది.

“మై నేమ్ ఈజ్ స్వరూప. మై హౌస్ ఈజ్ ఇన్ చాంద్రాయణగుట్ట.”

కళావతికి అర్థం కాకపోయినా వినడానికి బాగుండేది. తమ ఇంట్లో ఒక మనిషి నోట ఇంగ్లీషు పలుకుతోందని పక్కింటి నుజహత్‌కు ఇప్పటికే రెండుసార్లు చెప్పుకుంది. మూడోసారి మొదలుపెట్టబోతే నుజహత్ పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోయింది. అయితే ఈ పొద్దున కొత్త మాట ఒకటి వినబడింది.

“స్వీటీ ఈజ్ మై డాటర్. షి ఈజ్ మైన్.” స్వరూప ఆగి, గొంతు సవరించుకుని, మళ్ళీ అంది. “స్వీటీ ఈజ్ మైన్.”

ఒకసారైతే కళావతి పట్టించుకునేది కాదు. కానీ స్వరూప దాన్ని పదేపదే అంది, ‘మైన్’ దగ్గర నొక్కి మరీ అంది, గోడకు మేకు దిగగొట్టినట్టు. పిల్ల పేరు చెవిన పడగానే కళావతి చేతిలో సూది ఆగింది.

ఆ స్వీటీ గడప మీద కూర్చుని బడికి బూట్లు తొడుక్కుంటోంది. మూడో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఎవరైనా ఏదైనా అడిగితే చాలునని ఎదురుచూసే పిల్ల.

“స్వీటీ, మైన్ అంటే ఏంది బిడ్డా?”

“మైన్ అంటే నాది, పెద్దమ్మా. ‘పెన్సిల్ ఈజ్ మైన్’ అంటే ఆ పెన్సిల్ నాది. ఇంకెవ్వలు ముట్టొద్దు.”

“మరి ఇద్దరిది అయితే?”

స్వీటీ పెద్దమ్మను జాలిగా చూసింది. “ఇద్దరిది ఎట్లయితది? మైన్ అంటే మైనే. నీది అయితే యువర్స్ అంటరు. మైన్ అంటే యువర్స్ కాదు. మా టీచర్ చెప్పింది.”

పుండు మీద కారం చల్లడానికి పెద్దవాళ్ళే అక్కర్లేదు, మూడో తరగతి పిల్లలు చాలు. స్వీటీ లేస్ కట్టుకుని, టిఫిన్ డబ్బా కోసం చెయ్యి చాపి, ఎగురుకుంటూ పోయింది. కళావతి ఫాల్ వంకరగా కుట్టి, మళ్ళీ విప్పింది.

స్వీటీ కళావతి కన్న బిడ్డ కాదు. కళావతి కడుపు పండలేదు. దర్గాలూ దవాఖానాలూ అన్నీ అయ్యాక, ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. స్వీటీ ఆమె మరిది ప్రహ్లాద్ కూతురు. పిల్లకు నాలుగేళ్ళు నిండకముందే ప్రహ్లాద్ జ్వరం వచ్చి, మామూలు జ్వరమేనని అందరూ అనుకుంటుండగానే పోయాడు. స్వరూప దుఃఖం దిగమింగుకుని ఒక బడిలో ఆయాగా చేరింది. పొద్దున పోతే పొద్దుగూకాక వచ్చేది. ఆ మధ్యలో పిల్లకు తలదువ్వడం, అన్నం కలపడం, జ్వరం వస్తే నుదుట తడిగుడ్డ వెయ్యడం, వాన్నీళ్ళు నిలిచిన గల్లీలో చంకనెత్తుకుని బడి దాకా దించడం, అన్నీ కళావతివే అయ్యాయి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఈ పెద్దమ్మ అడక్కముందే పెట్టేది.

మన తెలుగులో ‘మా’ అని ఒక మాట ఉంది. ఎంత పెద్దమనసు గల మాటో దాన్ని రోజూ వాడే మనకే తెలియదు. బస్సులో ఎవరైనా “పాప ఎవరు?” అని అడిగితే కళావతి “మా పాప” అనేది. అంతే, ఇక ఎవరూ అడగరు. కన్నావా, పెంచావా, నీదా, నీ మరిదిదా అని ఆ మాట ఎవరినీ నిలదీయదు. ఇంట్లోనైతే ‘మన స్వీటీ’. ‘నాది’ అనే మాట ఆ ఇంట్లో కొట్లాటలప్పుడే బయటికి వచ్చేది, అదీ దువ్వెన గురించో దుప్పటి గురించో. ఆ ‘మా’ నీడలో కళావతి ఇన్నేళ్ళూ తల్లిగా బతికింది. ఇప్పుడు ఈ ఇంగ్లీషు వచ్చి, ఎవరిదో తేల్చి చెప్పమంటోంది.

పైగా ఆ హాస్టలు వాళ్ళు గది ఇస్తారట. చిన్న పిల్ల ఉన్న తల్లికి వేరే గది ఉంటుందని స్వరూప ఒకసారి మాటవరసకు అంది. “గది సంగతి అప్పుడు చూద్దాం లే అక్కా” అని కూడా అంది. అప్పుడు కళావతి ఆ మాట నమ్మింది. ఇప్పుడు గదినీ ‘మైన్’నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఆమెకు ఒకటే తోచింది. స్వరూప పిల్లను తీసుకుని పోతుంది. పోవద్దనడానికి తనకు ఏ హక్కూ లేదు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని కళావతి ఎవరితోనూ అనలేదు. అనకపోతేనేం, మనసులో ఉన్నది మాటలో దూరింది. మర్నాడు పొద్దున టిఫిన్ డబ్బా సర్దుతూ, “స్వరూపా, మీ బిడ్డకు పులిహోర పెట్టిన. మీ బిడ్డ నీళ్ళ సీస ఎక్కడ పెట్టిందో చూడు,” అంది.

తల దువ్వుకుంటున్న స్వరూప చెయ్యి ఆగింది. మీ బిడ్డ. ఈ ఇంట్లో ఆ మాట ఎప్పుడూ లేదు. “ఏమైంది అక్కా?” అని అడిగింది.

“ఏం కాలే.”

ఏం కాలేదంటే ఏదో అయిందనే అర్థమని ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు. కానీ ఏమైందో స్వరూపకు అంతుపట్టలేదు. ఆ సాయంత్రం ‘మీ సబ్బు’ అయింది, ఆ తర్వాత ‘మీ మంచం’ అయింది. కళావతి భర్త రాజన్న కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇనుము విరిగితే అతికించగలడు గానీ ఇంట్లో మాట విరిగితే చెయ్యి పెట్టే రకం కాదు. ఆయన డ్యూటీ దిగి చాయ్ తాగుతుంటే, “మీ మరదలు ఇంక రాలే,” అంది కళావతి.

“నిన్న మొన్నటి దాక మన స్వరూప అంటివి. ఇయ్యాల ఒక్కపారే నా మరదలైందా? ఏందే లొల్లి?”

“నాకేం లొల్లి? ఎవలి బిడ్డ వాళ్ళది, ఎవలి బతుకు వాళ్ళది.”

రాజన్న మిగిలిన చాయ్ తాగి, గల్లీ చివరికి నడిచాడు.

గురువారం నాడు కళావతి ఫాల్ కుట్టిన చీరలు ఇచ్చివచ్చే నెపం పెట్టుకుని యాకుత్‌పురా వెళ్ళింది. అసలు పని సురయ్యా మేడంతో. ఇంట్లో మనిషిని అడగలేని మాట బయటి మనిషిని నిలదీయాలనిపించింది, తప్పంతా నేర్పినవాళ్ళదేననిపించింది.

సురయ్యా మేడం మిద్దె మీది గదిలో గోడకు నల్లబల్ల, కింద చాపలు. క్లాసుకు ఇంకా వేళ కాలేదు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతోంది. కళావతిని చూసి, “ఆవ్ ఆవ్, బైఠో. స్వరూప వాళ్ళ అక్కవు కదా? రోజూ నీ గురించే చెప్తది,” అంది.

ఆ మాటకు కళావతి తెచ్చుకున్న కోపంలో సగం అక్కడే కారిపోయింది. మిగిలిన సగంతో అడిగింది. “మేడం, మీరు మా స్వరూపకు ఏం నేర్పుతున్నరు?”

“ఏం నేర్పిన?”

“స్వీటీ ఈజ్ మైన్ అని అనిపిస్తున్నరట.”

సురయ్యా మేడం కత్తి పక్కన పెట్టింది. ఎదుటి మనిషి ముఖంలోకి చూసింది. ఉల్లిగడ్డ కోసింది తానైతే కళ్ళల్లో నీళ్ళు ఈమెకున్నాయి. కాసేపటికి ఆమెకు అర్థమైంది.

“ఇధర్ దేఖో,” అని మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. “ఇది నా గ్లాసు, మై గ్లాస్. ఈ గ్లాసు నాది, మైన్. మై అంటే దాని ఎనుక ఒక మాట తోడు ఉండాలె. మై గ్లాస్, మై హౌస్. మైన్‌కు తోడు అక్కర్లే. ఒక్కటే నిలబడతది. గంతే ఫరక్. ఆ ఫరక్ తెల్వాలని స్వీటీ పేరు పెట్టి అనిపించిన. గ్లాసు పేరు పెట్టి చెప్పిస్తె మర్చిపోతుంది, బిడ్డ పేరైతే మర్చిపోదని. తప్పు నాదే.”

“మన అనే మాట నేర్పరాదా మేడం? మన స్వీటీ అని.”

“లేదు కళావతీ. ఇంగ్లీషుల మన లేదు. మీ మా, మీ మన, రెండిటికీ ఒక్కటే మాట. నిన్ను కలుపుకొని అన్నరా, తీసేసి అన్నరా, అందుల తెల్వదు. మా దిక్కు అపన్ అంటం. అపన్ అంటే నువ్వూ నేనూ కలిసి. తెల్లోళ్ళకు అది గూడ లేదు పాపం.” ఆమె నిజంగానే తెల్లవాళ్ళ మీద జాలిపడినట్టు తలూపింది. “ఇంక ఇంటర్వ్యూల తల్లి ఎవలు అని అడుగుతరు. ఆడ గడబిడ కావొద్దు. ఉద్యోగం ముఖ్యం కదా?”

ముఖ్యమే. ఆయా జీతంతో, పెద్దవాళ్ళ నీడలో స్వరూప ఎన్నాళ్ళని ఒదిగి ఉంటుంది? కళావతికి ఆ మాత్రం తెలియక కాదు. తోడికోడలు నిలదొక్కుకోవాలనీ ఉంది, పిల్ల పోకూడదనీ ఉంది. రెండూ ఒకే గుండెలో ఉంటే ఏది తన మాటో ఆమెకే తెలియడం లేదు. లేచి చెప్పులేసుకుంటూ అడిగింది. “మేడం, ఆమెది అంటే ఏమంటరు?”

“హర్స్.”

కళావతి ఆ మాటను మెట్లు దిగుతూ అనుకుంది, ఆటోలో అనుకుంది, గల్లీ మలుపులో అనుకుంది. నోరు తిరిగింది గానీ మనసు తిరగలేదు.

శనివారం పాపను కూడా వెంట తీసుకురమ్మన్నారని స్వరూప చెప్పింది. లోపల ఇంటర్వ్యూ జరుగుతుంటే పిల్లను చూసుకోవడానికి ఒకరు కావాలి. “అక్కా, నువ్వు వస్తవా?” అని అడగడానికి ఆమె పొయ్యి చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఒకప్పుడు అడగాల్సిన పనే ఉండేది కాదు. కళావతి “వస్త” అని మాత్రం అంది. కానీ పొద్దున్నే లేచి స్వరూప చీరకు తానే ఇస్త్రీ చేసింది, కుచ్చిళ్ళు తానే సర్దింది. సర్దుతూ సర్దుతూ, “భయపడకు. అడిగినదానికే చెప్పు. ఎక్కువ చెప్పకు,” అంది. మీ, మా అనే మాటలు రాకుండా ఎంత జాగ్రత్తగా మాట్లాడిందో స్వరూప గమనించింది.

హాస్టలు కొత్త కట్టడం. వరండాలో సిమెంటు బెంచీ, కుండీల్లో మనీప్లాంటు. స్వరూప లోపలికి వెళ్ళి తలుపు మూసుకుంది. కళావతి స్వీటీని పక్కన కూర్చోబెట్టుకుని జారిన రిబ్బన్ మళ్ళీ కట్టసాగింది. పైనుంచి కాలేజీ పిల్లల నవ్వులు వినబడుతున్నాయి. ఇక్కడే కదా పిల్ల ఉండబోయేది అనుకుని, కుళాయి ఎక్కడుంది, మెట్లకు రెయిలింగ్ ఉందా అని చూసుకుంది. పోతుందని తెలిసినా పోయేచోటు బాగుండాలి కదా.

ఉన్నట్టుండి తలుపు తెరుచుకుంది. కళ్ళజోడు పెట్టుకున్న పొడుగాటి ఆవిడ ఒక్కతే బయటికి వచ్చింది. కేరళ మేడం అన్నమాట. ఆమె కళావతి ముందు నిలబడి, స్వీటీని చూపిస్తూ, “యువర్ డాటర్?” అని అడిగింది.

కళావతికి అర్థమైంది. యువర్ అంటే నీ, డాటర్ అంటే బిడ్డ. ఆ రెండు మాటలూ కలిపి ఏ మనిషీ ఎన్నడూ తనను అడగలేదు. అడిగిన ఈ మనిషికి తన సంగతి ఏమీ తెలియదు. దర్గాలు తెలియవు, దవాఖానాలు తెలియవు, గల్లీ తెలియదు. ‘మైన్’ అనేస్తే చాలు. ఆ మాట నాలుక మీదే ఉంది. బతుకులో ఒక్కసారి, తెలియని మనిషి ముందు, తెలియని భాషలో, ఈ పిల్ల నాది అని చెప్పుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. రిబ్బన్ ముడి మీద వేళ్ళు అట్లాగే ఉన్నాయి.

కానీ లోపల స్వరూప కూర్చుని ఉంది. తల్లి ఎవరన్న దగ్గర గడబిడ కాకూడదని సురయ్యా మేడం చెప్పింది. నోటిదాకా వచ్చిన మాటను కళావతి మింగేసింది. మూసిన తలుపు వైపు చూపించి, స్పష్టంగా అంది.

“హర్స్.”

మేడం నొసలు ముడిపడింది. తలుపు వైపు ఒకసారి, ఈమె వైపు ఒకసారి చూసి, లోపలికి పోయింది. మంచి మాటే చెప్పానని, ఇంగ్లీషులోనే చెప్పానని కళావతి తనను తాను ఊరడించుకుంది. చేతిలోంచి జడ జారిపోతున్నట్టనిపించి చూస్తే, స్వీటీ పక్కకు జరుగుతోంది.

“ఏమైంది బిడ్డా, ముడి పడలే ఇంక.”

స్వీటీ బెంచీ ఆ చివరికి పోయి కూర్చుంది. “నాకు హర్స్ అంటే తెల్సు, పెద్దమ్మా.”

“తెలిస్తె మంచిదే కదా.”

“ఆమెది అన్నవు. నేను ఆమెదాన్ని అన్నవు. నీ దాన్ని కాదా మరి?” పిల్ల కింది పెదవి వణికింది. ఎప్పుడూ వచ్చినంత తేలికగా ఏడుపు రాలేదు, అందుకే చూడడం కష్టంగా ఉంది. “మేడం అడిగితే గూడ కాదంటివి. నేనేం చేసిన?”

కళావతి పిల్ల వైపు తిరిగింది. గడప మీద కూర్చుని ఈ పిల్ల ‘మైన్’కు అర్థం చెప్పిన పొద్దున తనకెట్లా అనిపించిందో, అచ్చం అట్లాగే ఉంది ఆ ముఖం. తనకు హక్కు లేదని, హక్కు లేదని ఇన్ని రోజులూ తన గురించే ఏడ్చుకుంది. పెద్దమ్మ మీద ఈ పిల్లకు ఒక హక్కు ఉంటుందని ఒక్కసారి కూడా తట్టలేదు. తనది కానిదాన్ని తాను వదులుకోవచ్చు. పిల్లకు చెందినదాన్ని పిల్ల చేతిలోంచి లాక్కోవడానికి తానెవరు?

కళావతి లేచింది. చెప్పులు విడిచి, తలుపు నెట్టుకుని లోపలికి పోయింది. ఎవరూ పిలవలేదు. బల్లకు అటు మేడం, ఇటు కుర్చీ అంచున స్వరూప. స్వరూప ముఖం పాలిపోయి ఉంది, ఏదో చెప్పడానికి తంటాలు పడుతోంది. ఇద్దరూ తలెత్తి చూశారు.

“మేడం,” అంది కళావతి. తెలిసిన మాటలు రెండే. స్వరూప వైపు చెయ్యి చూపించి “స్వీటీ హర్స్” అంది. అదే చెయ్యి తన గుండెల మీద పెట్టుకుని, “మైన్” అంది. ‘కూడా’కి ఇంగ్లీషు ఏమిటో ఆమెకు తెలియదు. తెలియని చోట, పుట్టి పెరిగిన బస్తీలోని ఉర్దూ ఆదుకుంది. “మైన్ బీ,” అంది.

మేడం ఆ మాటను పట్టుకుని, “మైన్... బీ?” అని అడిగింది.

స్వరూప లేచి నిలబడింది. ఆమె కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి గానీ గొంతు మాత్రం ఈసారి తడబడలేదు. “మైన్ ఆల్సో, మేడం. షి ఈజ్ టెల్లింగ్ కరెక్ట్,” అంది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో చాలా మాట్లాడుకున్నారు. కళావతి తలుపు దగ్గరే నిలబడింది. తలుపు సందులోంచి స్వీటీ తల దూర్చి, పెద్దమ్మ కొంగు పట్టుకుంది. మేడం పిల్లను చూసింది, కొంగును చూసింది, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చివరికి ఏదో ఒక మాట అంది. స్వరూప రెండు చేతులూ జోడించింది. వచ్చే నెల ఒకటో తారీఖున చేరమన్నదని వరండాలోకి వచ్చాక చెప్పింది.

తిరుగు బస్సులో ముగ్గురికీ ఒకే సీటు దొరికింది. స్వీటీ మధ్యలో కూర్చుని, కాసేపు కిటికీ కోసం పోరింది. తర్వాత కళావతి ఒళ్ళోకి ఎక్కింది. ఎనిమిదేళ్ళ పిల్ల, కాళ్ళు ముందు సీటుకు తగులుతున్నాయి. కళావతి అడగాలా వద్దా అనుకుంటూనే అడిగింది.

“గది ఎప్పుడిస్తరట?”

“గది నాకొక్కదానికే అక్కా. రాత్రి డ్యూటీ ఉన్న రోజుల్ల ఆడ పండుకుంట, తెల్లారి వచ్చేస్త. స్వీటీ బడి ఈడ్నే కదా. దాన్ని ఆడికి తీస్కపోయి ఏం చేస్త?”

“చిన్న పిల్ల ఉన్న తల్లికి వేరే గది అంటివి?”

“వద్దన్న. గా మాటతోనే లోపల గడబిడ అయింది.” స్వరూప కొంగుతో ముఖం తుడుచుకుని కాస్త నవ్వింది. “గది వద్దంటె, నువ్వు రాత్రి డ్యూటీల ఉంటె మరి పాప ఎవరి దగ్గర ఉంటది అని అడిగింది మేడం. నేను ‘హర్ మదర్ ఈజ్ ఎట్ హోమ్’ అన్న. ఆలోచించి అనలే, నోట్లెకెల్లి అదే వచ్చింది. తల్లి ఇంట్ల ఉంటె మరి నువ్వెవలు, ఈ పిల్ల ఎవలు, అబద్ధం చెప్తున్నవా అని ఆమెకు అనుమానమొచ్చి బయటికి వచ్చింది. వచ్చి నిన్ను అడిగితే నువ్వేమో ఆమెదే అంటివి. ఇంక నా ఉద్యోగం పాయె అనుకున్న.”

కళావతికి సగమే అర్థమైంది. మిగతా సగం ఆ ఇంగ్లీషు ముక్కలో ఉండిపోయింది. “ఏమన్నవు మేడంతోని? ఆ మాట ఇంకోపారి చెప్పు.”

“హర్ మదర్ ఈజ్ ఎట్ హోమ్.”

“అంటే?”

ఇంగ్లీషు సంగతి వచ్చాక స్వీటీ ఊరుకుంటుందా? కిటికీలోంచి తల తిప్పింది. “అంటే, ‘వాళ్ళమ్మ ఇంట్ల ఉంటది’ అని పెద్దమ్మా.”

“ఎవలి అమ్మ?”

“అబ్బ. హర్ అంటే ఈడ నేను. మదర్ అంటే అమ్మ. ఇంట్ల ఉండేది ఎవలు? నువ్వే కదా.” మందబుద్ధి విద్యార్థికి టీచరు చెప్పినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

బస్సు చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ ఎక్కింది. కళావతి పిల్ల వీపులో ముఖం దాచుకుని, కండక్టరు చూస్తున్నాడని కూడా లేకుండా ఏడ్చింది. స్వరూప ఆమె భుజం మీద చెయ్యి వేసింది. గుర్రం గడ్డి మేసినట్టు ఏమిటీ శబ్దమని స్వీటీ వీపు కదిలించింది.

కాసేపటికి కళావతి తలెత్తి, ముక్కు తుడుచుకుని, “స్వరూపా, దిగుదాం పా. మన స్టాప్ వచ్చింది,” అంది.